జంగ్లీఘాట్‌లో బాకాల పిలుపు

పోర్ట్‌బ్లెయిర్‌లో డిసెంబరు మాసపు పొద్దు సాయంకాలం అయిదు గంటలకే వాలిపోతుంది. మన దేశపు గడియారాలన్నింటికీ కొలబద్ద అయిన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు సమీపంగా పోతున్నది. పోర్ట్‌బ్లెయిర్ ఆ రేఖకు ఇంచుమించు పది డిగ్రీలు తూర్పున ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన ఇక్కడి సూర్యుడు 40 నిమిషాలు ముందు నడుస్తాడు. గడియారం మాత్రం కాకినాడ గడియారమే. అందుచేత చీకటి పడిన తర్వాత కూడా ఇక్కడ బోలెడంత సాయంకాలం మిగిలి ఉంటుంది.

2022 డిసెంబరు 18, ఆదివారం నాడు ఆ మిగిలిన సాయంకాలాన్ని ఏం చేసుకోవాలన్న విషయంలో ఊళ్లో ఎవరికీ సందేహం లేదు. ఖతర్ దేశంలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల ఫైనల్ జరుగుతున్నది. అర్జెంటీనాకూ ఫ్రాన్సుకూ ఆట. మన కాలం ప్రకారం రాత్రి ఎనిమిదిన్నరకు ఆరంభం. నేను అనువాదపు పని ఒకటి ముగించి, విశాఖపట్నం నుండి రెండున్నర రోజులు ఓడలో వచ్చి, ఒక వారం ఆ ఊళ్లో ఉన్నాను. (2024 సెప్టెంబరులో ఆ నగరానికి శ్రీ విజయపురమని కొత్త పేరు పెట్టిన సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. నేను చూసిన నాటికి పాత పేరే గనుక ఇక్కడ దానినే వాడుతున్నాను.)

బస దగ్గర టెలివిజన్ ఉన్నా, ఒంటరిగా ఆట చూడడం ఒంటరిగా విందు భోజనం చేయడం వంటిది. అందువల్ల జంగ్లీఘాట్ వైపు నడిచాను. అది చేపల రేవు. సాయంకాలం అక్కడ వలలు ఆరేసి ఉంటాయి. గాలిలో ఉప్పూ, డీజిలూ, ఎండుచేపా కలిసిన వాసన. రోడ్డు మీద నాలుగడుగులు వేసేసరికి తెలుగు వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వచ్చిన కుటుంబాలే హెచ్చు. రెండు మూడు తరాలు గడిచినా ఆ యాస చెక్కు చెదరలేదు.

నేను కూర్చున్న టీ దుకాణం అటువంటి కుటుంబానిదే. గోడకు ఎత్తుగా బిగించిన టెలివిజన్. దాని కింద పాతిక కుర్చీలు. కుర్చీలు చాలక తలకిందులు చేసిన చేపల తట్టలు. వచ్చినవారిలో తెలుగువారు ఉన్నారు, తూర్పు బెంగాలు నుండి కాందిశీకులుగా వచ్చి స్థిరపడిన కుటుంబాల కుర్రవాళ్లు ఉన్నారు, తమిళులు, మలయాళీలు, ఇక్కడ 'రాంచీవాళ్లు' అని పిలువబడే ఛోటానాగపూర్ కూలీల సంతతివారు ఉన్నారు. అందరూ ఒకరితో ఒకరు హిందీలో మాట్లాడుకుంటున్నారు. అది ఢిల్లీ హిందీ కాదు, ద్వీపాల హిందీ. లింగభేదాలను సముద్రంలో పారవేసి, పని జరగడానికి కావలసినంత మటుకు ఉంచుకున్న భాష.

నన్ను ఆశ్చర్యపరచినది యజమాని ప్రవర్తన. టెలివిజన్‌లో వ్యాఖ్యాతలు మాట్లాడుతున్నంత సేపూ ధ్వని పూర్తిగా తగ్గించి ఉంచాడు. బొమ్మ మాత్రం కదులుతున్నది. ప్రసారానికి ముందు, ప్రకటనల నడుమ, వాద్యబృందపు సంగీతం వచ్చినప్పుడల్లా రిమోట్ అందుకుని ధ్వని పెంచుతున్నాడు. బాకాలూ భేరులూ ఒక్కసారిగా మోగేవి. రోడ్డు మీద పోతున్న వారు ఆగి లోపలికి తొంగిచూసేవారు. సంగీతం ముగియగానే మళ్లీ నిశ్శబ్దం.

"ఎందుకలా?" అని అడిగాను.

"ఏ బాస పెట్టినా అయిదుగురు తగువుకొస్తారు సార్. ఆ బూరలకి తగువు లేదు," అన్నాడు.

అనువాదం వృత్తిగా గలవాడికి ఈ మాట కొంచెం గుచ్చుకుంటుంది. అయినా అది నిజమే. కావున ఆ బూరల సంగతి కొంత చెప్పవలసి ఉన్నది.

క్రీడా ప్రసారాలకు ముందు వినిపించే ఈ థీమ్ మ్యూజిక్ వయస్సు టెలివిజన్ వయస్సే. కాని దాని పూర్వీకులు రాజాస్థానాలలోనూ చర్చిలలోనూ ఉన్నారు. 1954లో స్విట్జర్లాండులో జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలే మొట్టమొదట టెలివిజన్‌లో ప్రసారమైనవి. ఆ ఏడాదే రూపొందిన యూరోవిజన్ ప్రసారసంధికి ఆరంభ సంగీతంగా ఫ్రెంచి స్వరకర్త షార్పాంతియే 17వ శతాబ్దంలో రచించిన దైవస్తోత్రపు తొలి భాగాన్ని తీసుకున్నారు. అందులోనూ బాకాలూ భేరులే. రెండు శతాబ్దాలకు పైగా ఎవరికీ పట్టని ఆ స్వరరచన ఆనాటి నుండి ఐరోపాలో ఇంటింటా తెలిసిపోయింది. 1992లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం తన ఛాంపియన్స్ లీగ్ పోటీలకు ఒక గీతం కావాలని కోరినప్పుడు టోనీ బ్రిటన్ అనే ఆంగ్ల స్వరకర్త, 1727లో రెండవ జార్జి రాజు పట్టాభిషేకానికి హాండెల్ కూర్చిన గీతాన్ని ఆధారం చేసుకున్నాడు. ఆ గీతంలో ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ మూడు భాషల మాటలూ కలిసి ఉంటాయి. అనువదించవలసిన అవసరం లేకుండా మూడింటినీ పక్కపక్కనే కూర్చోబెట్టాడు. తెలివైన పనే; మా వృత్తికి మాత్రం మర్యాద కాదు.

ఒలింపిక్ క్రీడల సంగతి వేరు. 1896లో ఏథెన్సు క్రీడలకు పలమాస్ కవి రాయగా సమరాస్ స్వరపరచిన స్తోత్రం ఒకటి ఉన్నది. 1958లో దానిని అధికార గీతంగా స్వీకరించారు. కాని అమెరికాలో జనసామాన్యానికి ఒలింపిక్స్ అనగానే చెవిలో మోగేది అది కాదు. ఫ్రాన్సులో పుట్టి హాలీవుడ్‌లో స్థిరపడిన లియో ఆర్నో రచించిన బ్యూగిల్ బాణీ ఒకటి, 1984 లాస్ ఏంజెలిస్ క్రీడలకు జాన్ విలియమ్స్ సమకూర్చిన ఆర్భాట సంగీతం మరొకటి. ఆర్నో బాణీని అమెరికన్ టెలివిజన్ 1960ల నుండి ఒలింపిక్స్‌కు వాడుకుంటూ వచ్చింది. ఫుట్‌బాల్ ప్రపంచ పోటీలలో 1994 నుండి ఫ్రాంజ్ లాంబర్ట్ అనే జర్మన్ ఆర్గన్ విద్వాంసుని గీతం వినిపించింది. 2018 రష్యా పోటీలకు హాన్స్ జిమ్మర్, లోర్న్ బాల్ఫ్ కొత్తది రచించారు.

ఇన్నింటిలోనూ బాకాయే ఎందుకు ముందుంటుంది? దీనికి రెండు కారణాలున్నాయి. సైనికుల బ్యూగిల్‌కు మీటలుండవు. ఊపిరి బలాన్ని బట్టి ఒక గొట్టంలో సహజంగా పుట్టే స్వరాలు మాత్రమే అది పలుకుతుంది. మన పరిభాషలో చెప్పాలంటే షడ్జమం, అంతర గాంధారం, పంచమం. అంత కొద్ది స్వరాలతో కట్టిన బాణీని చంటిపిల్లవాడు కూడా రెండుసార్లు వింటే పట్టుకుంటాడు. రెండవది పూర్తిగా యంత్రానికి సంబంధించినది. చిన్న టెలివిజన్‌లోని స్పీకరు మంద్రస్థాయిని సరిగా పలకలేదు. సెల్లో, డోలు వంటి వాద్యాల గాంభీర్యం అందులో నలిగిపోతుంది. బాకా నాదం మాత్రం చీల్చుకుని వస్తుంది. వంటింట్లో ఉన్నవారికి, వీధిలో ఉన్నవారికి, జంగ్లీఘాట్ రేవులో పడవ కడుతున్న వారికి కూడా వినిపిస్తుంది. మన ఊళ్లలో జాతర ముందు కొమ్ముబూర ఊదడంలో ఉన్న కిటుకు ఇదే. 'బాకా ఊదడం' అన్న మాటకు తెలుగులో మంచి అర్థం లేకపోవడం దురదృష్టం.

ఆటకు ఇంకా అరగంట ఉండగా దుకాణం యజమాని తండ్రి వచ్చి నా పక్కనున్న తట్ట మీద కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. చిన్నతనంలో తల్లిదండ్రులతో శ్రీకాకుళం తీరం నుండి వచ్చాడు. ఇప్పుడు వేటకు పోడు, వలలు బాగుచేస్తాడు. నేను బాకాల మీద చేసిన ప్రసంగాన్ని ఓపికగా విన్నాడు.

"మాకు బూర అంటే ఓడ కూతే బాబూ," అన్నాడు. "నా సిన్నప్పుడు ఓడ వొచ్చినప్పుడే ఉత్తరం, ఓడ వొచ్చినప్పుడే ఉల్లిపాయ. హడ్డో కాడ కూత ఇనపడితే ఊరూరంతా జెట్టీకి పరిగెట్టీవోళ్లం. మనకోసం ఎవుళ్లూ రారని తెలిసినా ఎల్లీవోళ్లం."

ఆకాశవాణి పోర్ట్‌బ్లెయిర్ కేంద్రం 1963లో ఆరంభమైంది. అంతకు ముందు ఓడ కూత ఒక్కటే బయటి ప్రపంచపు పిలుపు. ఆ తర్వాత దానికి ఆకాశవాణి సంకేత సంగీతం తోడయింది. తంబురా మీద వయొలిన్ పలికే ఆ బాణీని 1930లలో కూర్చినవాడు వాల్టర్ కౌఫ్‌మన్ అనే చెకోస్లొవేకియా యూదుడు. హిట్లర్ కాలంలో స్వదేశం విడిచి బొంబాయి చేరిన కాందిశీకుడు. ఒకప్పుడు ద్వీపాంతర శిక్ష పడ్డవారి కోసం, తర్వాత కాందిశీకుల కోసం నిలిచిన ఈ నేల మీద ప్రతి ఉదయమూ ఒక కాందిశీకుని బాణీ మోగిందన్న సంగతి ముసలాయనకు చెప్పాను. "పాపం" అన్నాడు. అంతకంటె మంచి వ్యాఖ్యానం నాకూ తోచలేదు.

1982 ఢిల్లీ ఆసియా క్రీడలు ఆయనకు బాగా జ్ఞాపకమున్నాయి. అప్పటికి ఆయన ఇంట్లో టెలివిజన్ లేదు. తక్కిన దేశం రంగుల టెలివిజన్ అనే కొత్త వింతను కళ్లింత చేసుకుని చూస్తుండగా ఆయన ట్రాన్సిస్టరు దగ్గర కూర్చున్నాడు. హాకీ ఫైనల్‌లో మనవాళ్లు పాకిస్తాన్ చేతిలో 7-1 తేడాతో ఓడిపోవడం రేడియోలో విన్నాడు. "సూణ్ణేదు గాబట్టి సరిపోనాది," అన్నాడు నవ్వుతూ. 

ఆ క్రీడల స్వాగతగీతం ఇక్కడ తలచుకోదగినది. 1982 నవంబరు 19న జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఆరంభోత్సవానికి ఆ గీతాన్ని స్వరపరచినవాడు పండిట్ రవిశంకర్. రాసినవాడు హిందీ కవి పండిట్ నరేంద్ర శర్మ. 33 దేశాల క్రీడాకారులు పాల్గొన్న ఉత్సవమది. దూరదర్శన్ సంకేత సంగీతంలోనూ రవిశంకర్ చేయి ఉన్నది. ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ షెహనాయి అందులో వినిపిస్తుంది. మన సంగీతం ఒక్కరు కూర్చుని రాగాన్ని విస్తరించుకునే సంగీతం. వాద్యబృందపు సంగీతం కాదు. యాభైమంది వాద్యకారులను ఒక్క తాటి మీద నడపడం మనవారికి కొత్త విద్య. ఆ విద్యకు బడి ఆకాశవాణి వాద్యబృందం. 1952లో ఏర్పడిన ఆ 'వాద్యవృంద'కు తొలి నిర్వాహకులలో రవిశంకర్ ఒకరు. తర్వాతి కాలంలో దానికి స్వరరచనలు చేసి నడిపినవారిలో ద్రాక్షారామంలో పుట్టిన మన వైణికుడు ఈమని శంకరశాస్త్రిగారు ముఖ్యులు.

రవిశంకర్ ఆ అనుభవంతో ఢిల్లీ స్టేడియానికి రణభేరి కట్టి ఉండవచ్చును. కట్టలేదు. స్వాగతం కట్టాడు. పాశ్చాత్యుల క్రీడాసంగీతం ఎక్కువ భాగం గుర్రం మీద వచ్చే సైనికుడు. ఇది గుమ్మంలో పళ్లెం పట్టుకుని నిలబడిన ఇంటి ఇల్లాలు. ఆ గీతంలోని సంస్కృత పదాలు మన పెళ్లి శుభలేఖల్లో ఉండేవే కాబట్టి తెలుగువాడికి నిఘంటువు అక్కర లేదు. నా మటుకు నాకు జాన్ విలియమ్స్ ఆర్భాటం ఒళ్లు గగుర్పొడిపిస్తుంది గాని, మళ్లీ మళ్లీ వినాలనిపించేది ఈ స్వాగతమే. ఇది పక్షపాతమైతే కావచ్చు.

ముసలాయన దీనికి ఒప్పుకోలేదు.

"ఏదైనా ఒకటే బాబూ. ఆ బూరలు మనల్ని పిలవ్వు. ఆళ్ల ఊరి పెళ్లికి ఆళ్ల సుట్టాల్ని పిలుసుకుంతాయి. మనం గోడవతల నిలబడి సూత్తాం."

ఇంతలో లోపలి నుండి పదిహేనేళ్ల అమ్మాయి వచ్చి తాతకు మందుబిళ్లలూ నీళ్లూ ఇచ్చింది. మనుమరాలు. తెరవైపు ఒక్కసారి చూసి, "నేను పడుకుంటాను తాతా, నాలుగింటికి లేవాలి," అని వెళ్లిపోయింది. ఊరంతా మేలుకుని ఉన్న రాత్రి నిద్రపోయే ఆ పిల్లను చూసి ఆశ్చర్యపడ్డాను. ఆ పిల్ల సైకిలు పందాలకు సాధన చేస్తున్నదట.

అప్పుడు ముసలాయన చొక్కా జేబులో నుండి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు.

"తమరు ఇంగిలీసు సదువుకున్నోరు గదా. ఇందులో ఏటున్నాదో ఉన్నది ఉన్నట్టు సెప్పండి. మావోడు సెప్పీది సగం, దాసీది సగం."

అది సంరక్షకుల అంగీకారపత్రం. పిల్లను ప్రధాన భూభాగంలోని ఒక శిక్షణ కేంద్రంలో చేర్చుకోవడానికి పరీక్షించి చూస్తామని, నెగ్గితే అక్కడే వసతిగృహంలో ఉంచి చదివిస్తామని ఉన్నది. తండ్రి సిద్ధంగా ఉన్నాడు. కాని ఆ ఇంట్లో ముసలాయన మాట కాదని ఏదీ జరగదు. కాగితం పన్నెండు రోజులుగా ఆయన జేబులోనే ఉన్నది.

ఇరవై ఏళ్లుగా అనువాదాలు చేస్తున్నాను. కథలు, వ్యాసాలు, ఒకటి రెండు నవలలు. ఏ రచయిత వాక్యమూ ఆ రాత్రి ఆ కాగితంలోని నాలుగవ వాక్యమంత ఇబ్బంది పెట్టలేదు. సాధనలో గాని పోటీలో గాని గాయమైతే, ఆ అపాయం తెలిసే ఒప్పుకుంటున్నామని దాని తాత్పర్యం. సంగతి మెత్తబరచి చెప్పవచ్చు. చాలామంది అలాగే చెబుతారు. ఆయన "ఉన్నది ఉన్నట్టు" అన్నాడు. అందుచేత ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

ఆయన కాసేపు ఊరుకుని, "ఆ సైకిలికి బిరేకులుండవంట, నిజమేనా?" అని అడిగాడు.

నిజమే. వెలోడ్రోము అనే ఏటవాలు వలయంలో తొక్కే పందెపు సైకిలుకు బ్రేకులుండవు, గేర్లు మార్చే వీలుండదు. చక్రం తిరుగుతున్నంత సేపూ తొక్కుడుబిళ్లలు తిరుగుతూనే ఉంటాయి. కాళ్లు ఆపి కూర్చోవడం కుదరదు. అందరికీ ఒకే ఏర్పాటు గనుక ముందువాడు హఠాత్తుగా ఆగి వెనుకవాడిని పడగొట్టే ప్రమాదం తగ్గుతుందని దాని సమర్థన. ఈ సమర్థన వలలు అల్లే మనిషికి తృప్తి కలిగించలేదు.

"ఆపడానికి ఈల్లేని సైకిలెక్కించి, పిల్లని సముద్రం దాటించమంటారా?"

దీనికి నా దగ్గర ఉన్నది ఒక్కటే సమాధానం. ఆ సమాధానం ఈ ద్వీపాల చరిత్రలోనే ఉన్నది.

పోర్ట్‌బ్లెయిర్‌కు దక్షిణంగా సుమారు 270 కిలోమీటర్ల దూరాన కార్ నికోబార్ ఉన్నది. ఆదివాసుల రక్షిత ప్రాంతం కనుక ప్రత్యేక అనుమతి లేకుండా మనవంటి వారు వెళ్లరాదు, నేను వెళ్లలేదు. అక్కడివారికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆ దీవిలో పుట్టి, బర్మాలో చదువుకుని, బైబిలు నూతన నిబంధనను నికోబారీ భాషలోకి అనువదించి, 1952లో తొలి లోక్‌సభకు నామనిర్దేశం పొందిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ పేరు ఇప్పటికీ అక్కడ పూజనీయం. అదే దీవిలో 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. ఆనాడు తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె చెట్టును పట్టుకుని రోజుల తరబడి ప్రాణం నిలుపుకున్నది. ఆమె పేరు డెబోరా హెరాల్డ్. తరువాత ఆమె ఆ బ్రేకుల్లేని సైకిలే ఎక్కి భారతదేశపు మేటి పందెగత్తె అయింది. కార్ నికోబార్‌కే చెందిన ఎసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండులో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలలో రజతం గెలిచాడు. ఆ పోటీలలో పతకం గెలిచిన తొలి భారతీయుడతడే. 2019లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్-ఓడర్ పట్టణంలో మణిపూరు సహచరులతో కలిసి జట్టు పందెంలో స్వర్ణం గెలిచాడు. అదే దీవి నుండి వచ్చిన మరొక సైకిలు వీరుని పేరు డేవిడ్ బెకమ్. పాఠకులు పొరబడనక్కర లేదు. ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాని పేరే నికోబారీ ఇంటివారు బిడ్డకు పెట్టుకున్నారు. ప్రపంచపు బాకాల మోత ఆ దీవి దాకా చేరిందనడానికి ఇంతకంటె సాక్ష్యమెందుకు? ఆ డేవిడ్ మరుసటి ఏడు, 2023లో, చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో భారతదేశం తరఫున సైకిలు తొక్కాడు.

వీరంతా ఢిల్లీలో సాధన చేసిన వెలోడ్రోము ఇందిరాగాంధీ స్టేడియం ఆవరణలో ఉన్నది. వెలోడ్రోమును 2010 కామన్‌వెల్త్ క్రీడలకు కట్టారు; స్టేడియాన్ని 1982 ఆసియా క్రీడలకు కట్టారు. రవిశంకర్ స్వాగతం ఎవరికోసం మోగిందో ఆ రోజు ఎవరికీ తెలియదు. ఎసో ఆల్బెన్ అప్పటికి పుట్టలేదు.

ఇదంతా చెప్పాను. ముసలాయన డెబోరా పేరు వినే ఉన్నాడు. "సెట్టు మీద పిల్ల" అన్నాడు. తర్వాత అడిగాడు: "గెలిస్తే అక్కడ ఏ బూర ఊదుతారు?"

"థీమ్ మ్యూజిక్ అందరికీ ఒక్కటే, పెద్దయ్యా. స్వర్ణం గెలిస్తే మాత్రం ఆ దేశపు పాట మోగిస్తారు. మనవాళ్లు గెలిస్తే జనగణమన."

ఆ పాటకు మన నేలతో ఉన్న సంబంధం కూడా చెప్పకుండా ఉండలేకపోయాను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో కొన్నాళ్లు విశ్రాంతి తీసుకున్నాడు (ఆ ఊరు నేడు అన్నమయ్య జిల్లాలో ఉన్నది). అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో ఆ గీతాన్ని తానే ఇంగ్లీషులోకి అనువదించాడు. కళాశాల అధ్యక్షుని భార్య మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి సమకూర్చింది. తరువాత హెర్బర్ట్ మరిల్ అనే ఆంగ్లేయుడు దానిని పూర్తి వాద్యబృందానికి కూర్చాడు. పతక వేదికల మీద బాకాలతో, వయొలిన్లతో మనం వినే జనగణమన వెనుక ఒక కవీ, ఒక అనువాదమూ, ఒక తెలుగు ఊరూ ఉన్నాయి. 

"ఎంత సేపుంటాది?"

"52 సెకన్లు."

"అంతేనా?" అని కాగితం మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఆట సంగతి పాఠకులు ఎరుగుదురు. నిర్ణీత కాలంలో 2-2, అదనపు కాలంలో 3-3, చివరకు పెనాల్టీలలో 4-2 తేడాతో అర్జెంటీనా గెలిచింది. ఎంబాపే మూడు గోల్సు చేసి కూడా ఓడిపోయాడు. ఒక బెంగాలీ కుర్రవాడు తట్ట మీద నుండి గెంతి టీ గ్లాసులు నాలుగు పగలగొట్టాడు. యజమాని తిట్టలేదు. చివర వాద్యబృందపు సంగీతం వచ్చినప్పుడు మాత్రం, ఆ గోలలో వినిపించకపోయినా, అలవాటుగా ధ్వని పెంచాడు.

మర్నాడు మధ్యాహ్నం నా తిరుగు ఓడ. అలవాటు లేకపోయినా తెల్లవారుజామున లేచి సముద్రతీరపు రోడ్డు మీద నడకకు బయలుదేరాను. ఇక్కడ ముందుగా అస్తమించే సూర్యుడు ముందుగానే ఉదయిస్తాడు కూడా. అయిదింటికే తూర్పు తెల్లబడింది. ఎదురుగా సముద్రంలో పాత రాస్ దీవి నల్లగా కనిపిస్తున్నది. నేతాజీ పేరు పెట్టుకున్న ఆ దీవిలో ఒకప్పటి దొరల టెన్నిస్ మైదానాలను ఊడలు కమ్ముకున్నాయి. రోడ్డు మీద నలుగురైదుగురు పిల్లలు తలలు వంచి సైకిళ్లు తొక్కుతున్నారు. కొంచెం ముందుకు పోగానే దీపస్తంభానికి ఆనుకుని, భుజాన తువ్వాలుతో, చేత నీళ్లసీసాతో ముసలాయన నిలబడి ఉన్నాడు.

"మీ గడియారంలో సెకండ్ల ముల్లు ఉన్నాదా?" అని అడిగాడు, పలకరింపు లేకుండానే.

ఉన్నది. దూరాన మలుపు దగ్గర మనుమరాలు సైకిలు తిప్పుకుంటున్నది. ఆ పిల్ల కదలగానే ఆయన చేయి ఎత్తాడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పిల్ల మాకేసి చూడలేదు. మోచేతులు ముడుచుకుని, జడ వీపు మీద ఎగురుతుండగా, మమ్మల్ని దాటి దూసుకుపోయింది. గాలి మాత్రం తగిలింది.

"ఎంత?"

"49."

ముసలాయన తువ్వాలు విదిలించి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "పాట అవ్వకముందే వొచ్చీసినాది," అన్నాడు.

మూడు వారాల తర్వాత కొడుకు ఫోను చేశాడు. సంతకం అయింది. రోడ్డు మీద తొక్కేటప్పుడు మాత్రం బ్రేకులున్న సైకిలే ఎక్కాలని తాత షరతు పెట్టాడట. ఆ షరతును ఇంగ్లీషులో కాగితం కింద రాసిపెట్టడం ఎలాగని అడిగాడు. వాక్యం చెప్పాను, రాసుకున్నాడు.